నూజివీడు మామిడికి మూడు జిల్లాలు
రికార్డులో ఊరు తప్పితే నష్టం రైతుకే

నూజివీడు: విజయవాడ శివార్లలోని నున్న మామిడి యార్డులో సరుకు దిగగానే వర్తకులు అడిగే మాట "ఏ ఊరి కాయ?" అనే. ఏ జిల్లా కాయ అని అడిగేవారు అరుదు. ఊరి పేరు వింటే నేల ఎలాంటిదో, కాయ ఎంత దూరపు ప్రయాణం తట్టుకోగలదో అనుభవం గలవారు అంచనా కట్టుకుంటారు. కాని అదే తోటకు గాలివాన నష్టం లెక్క వేయవలసి వస్తే ఊరి పేరు ఒక్కటే చాలదు. రెవెన్యూ గ్రామం, సర్వే నంబరు, మండలం, జిల్లా అన్నీ సరిపోవాలి. 2022 జిల్లాల పునర్విభజనతో ఈ ప్రాంతంలో ఆ లెక్క మరింత చిక్కుపడింది.

మెట్ట ఒకటే

కృష్ణా డెల్టా వరి పొలాలకు ఉత్తరాన మెరక మొదలవుతుంది. అక్కడి నుంచి ఆగిరిపల్లి, నూజివీడు, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం వరకు ఎక్కువగా ఎర్రనేలలే. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు ఈ మెట్టల మీదుగా కొల్లేటికి పారుతాయి. వానాకాలం పోతే వాటిలో నీరు నిలవదు. కనుకనే లోతుకు వేరు దించి నిలిచే మామిడి ఇక్కడ స్థిరపడింది.

బంగినపల్లి ఉత్తరాది మార్కెట్లకు లారీల మీద వెళుతుంది. చిన్నరసం దూరప్రయాణం తట్టుకోదు గనుక దగ్గరి పట్నాలలోనే నూజివీడు రసమన్న పేరు మీద అమ్ముడవుతుంది. గుజ్జు కర్మాగారాలకు వెళ్లే తోతాపురిని ఈ వైపు "కలెక్టరు" అంటారు. జిల్లాలు మారినా ఈ కలెక్టరుకు మాత్రం బదిలీ లేదు.

మారుతూ వచ్చిన హద్దులు

ఈ ఊళ్లలో చాలావరకు నూజివీడు జమీందారీ కిందివి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీలు పోయి రైత్వారీ వచ్చింది. 1984లో మునసబు, కరణాల వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలాలు ఏర్పడ్డాయి. తాలూకా కచేరీకి ఒక పూట ప్రయాణం చేసే రైతుకు మండలంతో కార్యాలయం దగ్గరైంది.

జిల్లా హద్దు సంగతి వేరు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడే వరకు ఏలూరు కృష్ణా జిల్లాలోనే ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు తానే ఒక జిల్లా పేరై, నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలు అందులో చేరాయి. విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం, వాటితోపాటు నున్న యార్డు ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లాయి. బాపులపాడు, గన్నవరం కృష్ణాలో మిగిలాయి. చాట్రాయిలో కొంత, పక్కనున్న విస్సన్నపేటలో కొంత తోట గల రైతుకు అంతకుముందు ఒకే కలెక్టరు. ఆ విభజనతో ఇద్దరయ్యారు. సరుకు అమ్ముకునే చోటు ఒక జిల్లాలో, అర్జీ పెట్టుకునే చోటు మరొక జిల్లాలో పడ్డాయి.

ఊరు అంటే ఏది?

జిల్లా హద్దు కంటే రైతును ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఊరి హద్దు. రెవెన్యూ గ్రామం వేరు, పంచాయతీ వేరు, జనం కాపురముండే శివారు వేరు. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు మూడు పంచాయతీలు ఉండవచ్చు. శివారుకు జనం నోట్లో పేరున్నా భూమి రికార్డులో విడిగా పేరు ఉండకపోవచ్చు. రైతు తన తోట ఫలానా గూడెంలో ఉన్నదని చెబుతాడు. అడంగల్‌లో మాత్రం అది పెద్ద ఊరి సర్వే నంబరు కింద కనబడుతుంది. 2019లో సచివాలయాలు వచ్చాక పంట నమోదు ఊళ్లోనే జరుగుతున్నా, ఆధారం మాత్రం ఆ రెవెన్యూ గ్రామం, ఆ సర్వే నంబరే.

కాగితం లేని బేరం

మామిడి వ్యాపారంలో బేరం తరచు పూత మీదనే కుదురుతుంది. వర్తకుడు కొంత బయానా ఇచ్చి తోట పట్టుకుంటాడు. మందులు, కాపలా, కోత ఖర్చులు అతనివే. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి వీస్తే పక్వానికి రాని కాయ నేలరాలుతుంది. దానికి వచ్చే ధర కూలికి కూడా చాలదు. ప్రభుత్వ సాయానికి పంట నష్టం 33 శాతమో అంతకు మించో ఉన్నట్లు తేలాలి. నమోదైన పేరు చాలాచోట్ల భూయజమానిది. పెట్టుబడి పెట్టినది కౌలుదారు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు పొందాలంటే 11 నెలల ఒప్పందం, దానిపై యజమాని సంతకం కావాలి. భూమి ఎక్కడ చేయిజారుతుందోనని సంతకానికి వెనుకాడే యజమానులు ఉన్నారు. యజమాని ఒక జిల్లా పట్నంలో, తోట మరొక జిల్లాలో ఉంటే ఆ సంతకం ఇంకా ఆలస్యమవుతుంది.

జిల్లా పేరు మారినంత మాత్రాన కాయ రుచి గాని, నున్నలో ధర గాని మారదు. సరుకు ఎంత వచ్చింది, ఉత్తరాది గిరాకీ ఎలా ఉంది అన్న వాటిని బట్టే ధర నిర్ణయమవుతుంది. కాని ధర పడిపోయిన ఏడు, గాలివాన కొట్టిన ఏడు రైతును నిలబెట్టేది కాగితమే. కనుక డిసెంబరు, జనవరి నెలల్లో పూత చూసి బేరం కుదుర్చుకునే ముందే తోట ఏ రెవెన్యూ గ్రామంలో, ఏ సర్వే నంబరు కింద, ఎవరి పేరున నమోదై ఉన్నదో ఇరుపక్షాలు సరిచూసుకోవడం మంచిది. రాలిన కాయను ఎవరు భరించాలన్నది కూడా అదే కాగితంలో రాసుకుంటే తర్వాత తగవు ఉండదు.