కళ్లు తిప్పే రొయ్య, కళ్లు మూసే ప్లాటిపస్

బ్రిస్బేన్ నుంచి మా మనవడు ఫోన్ చేసి, "తాతయ్యా, ప్లాటిపస్‌కీ మాంటిస్ ష్రింప్‌కీ పోటీ పెడితే ఎవరు గెలుస్తారు?" అన్నాడు. వాడుండే క్వీన్స్‌లాండ్‌లో రెండూ ఉన్నాయి మరి. కాకపోతే మాంటిస్ ష్రింప్ పగడపు దిబ్బల దగ్గర ఉప్పునీళ్లలో, ప్లాటిపస్ ఏటి మంచినీళ్లలో. ముఖముఖాలు చూసుకునే యోగం లేదురా నాన్నా అన్నాను. వదిలితేగా!

సరే, విను. మాంటిస్ ష్రింప్ పేరుకే రొయ్య. నిజానికి రొయ్యకి దూరపు చుట్టం. గొల్లభామలా ముందుకాళ్లు మడుచుకుని బొరియలో కూర్చుంటుంది. నెమలి రంగులుండే రకం జానెడైనా ఉండదు, కానీ ఆ కాలు విసిరితే సెకనుకు 23 మీటర్ల వేగం. నత్తగుల్ల టప్పున పగులుతుంది. అక్వేరియం అద్దాన్నే బద్దలుకొట్టిన ఘనులున్నారు.

ఇక కళ్లు. రెండు కాడల మీద రెండు గుడ్లు, ఒకటి అటు తిరిగితే ఒకటి ఇటు. రంగులు పట్టే కణాలు మనకి మూడు రకాలైతే దానికి 12. ఇంకేం, మన ఊహకందని రంగులన్నీ చూసేస్తుందని అందరం మురిసిపోయాం. 2014లో పరీక్ష పెట్టారు. ఫలానా రంగు దీపం దగ్గరికి వెళితే తిండి. తీరా చూస్తే, దగ్గర దగ్గర రంగుల తేడా పట్టడంలో అది మనకన్నా మొద్దు! మన మెదడు మూడు కణాల కబుర్లనీ పోల్చి చూసుకుంటుంది. అది ఆ శ్రమ పెట్టుకోదు కాబోలు, ఏ గడి వెలిగితే ఆ రంగే అనుకుంటుందని శాస్త్రజ్ఞుల ఊహ.

ప్లాటిపస్ దారే వేరు. నీళ్లలో మునగడమే ఆలస్యం, కళ్లు, చెవులు, ముక్కు అన్నీ మూసేస్తుంది. బాతుముక్కులా కనబడే ఆ మూతి గట్టిదనుకునేవు, తడి రబ్బరులా మెత్తగా ఉంటుంది. కరెంటుని పసిగట్టే నాడుల కొసలు దాంట్లో 40 వేల దాకా ఉన్నాయి. ఏటి అడుగున రొయ్య తోక ఆడిస్తే కండరంలో ఏ కాస్తో కరెంటు పుడుతుంది కదా, అది చాలు దీనికి. 1986 నాటి పరిశోధనలో నీళ్లలో చిన్న బ్యాటరీ వేస్తే, పాపం, తిండనుకుని దాని మీదికీ వెళ్లింది. దొరికినదాన్ని బుగ్గల్లో కుక్కుకుని పైకొచ్చి నములుతుంది. పెద్దయ్యాక పళ్లుండవు మరి!

"ఇంతకీ ఎవరు?"

"చీకట్లో అయితే ప్లాటిపస్. కానీ ఆ మెత్తటి మూతి మీద ఒక్క గుద్దు పడిందనుకో..."

"మగదానికి వెనక్కాలి దగ్గర విషపు ముల్లుంది, మర్చిపోయావా తాతయ్యా?"