కాలినడక యాత్రలో దంపతులు

శ్రీశైలమునకు నడచిపోవు దంపతులలో ముందు నడువవలసినది ఎవరని భక్తులు మమ్ము అడుగుచుందురు. వెంకటాపురము నుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలనుల మీదుగా కైలాసద్వారము చేరు నల్లమల దారిని గూర్చియే ఈ ప్రశ్న. శివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు ఆ దారిన నడతురు. అది పెద్దపులుల అభయారణ్యము; అనుమతించిన దినములలోనే పోవలెను.

వివాహమున సప్తపది కలదు. వరుడు వధువు చేయి పట్టి, కుడిపాదము ముందిడించి, ఏడడుగులు నడిపించును. అడుగునకొక మంత్రము. ఆమె అడుగు పడనిదే తరువాతి మంత్రము లేదు. ఏడవ అడుగుతో ఆమె సఖి యగును.

ఇంత చదివియు మేమొకప్పుడు తప్పితిమి. భీముని కొలను లోయ దిగి మెట్లెక్కుచు, సంధ్యాకాలము మించునను తొందరలో ధర్మపత్నిని వెనుక విడిచి కైలాసద్వారము చేరితిమి. ఆచమనమునకు నీరు పట్టినంతనే యాత్రాసంకల్పమున “ధర్మపత్నీ సమేతస్య” అని పలికిన మాట గుర్తు వచ్చినది. మరల దిగిపోతిమి. ఆమె ఒక మెట్టుపై కూర్చుండి, కన్నడదేశపు ముదుసలి కొకతెకు మంచినీళ్లిచ్చుచున్నది. “మీ సంధ్య అయినదా?” అని మాత్రము అడిగినది.

భార్య వెనుకనే నడువవలెనని వాదించువారు కలరు. ముళ్లదారిలో ఆ మాట చెల్లును గాని మెట్లమీద చెల్లదు. లోయలోనికి దిగునపుడు బలము గలవారు ముందుండవలెను. ఎక్కునపుడు రెండు మెట్లు క్రిందుగా, వెనుక రావలెను. మూట కూడ వారిదే.