ఎముకను మొలిపించే ప్రొటీన్

రెండు వెన్నుపూసలను అతికించి ఒకటి చేయాలంటే సర్జన్ చూపు మొదట రోగి తుంటి మీదికే పోయేది. అక్కడి ఎముక అంచు నుంచి చెక్కిన ముక్కలు సొంతవి కాబట్టి ఒంటికి పడతాయి. కానీ నడుము నొప్పి తగ్గినా, ముక్క తీసిన చోట నొప్పి కొందరిని నెలల తరబడి వదలదు. దాతల మృతదేహాల నుంచి సేకరించిన ఎముకకు వేరే చిక్కు ఉంది. 2021లో అమెరికాలో ఒకే దాత ఎముకతో తయారైన గ్రాఫ్ట్ వల్ల పదుల మందికి క్షయ సోకింది.

ఇంకో దారి 1965లో కనబడింది. లాస్ ఏంజెలిస్‌లో సర్జన్ మార్షల్ యూరిస్ట్ ఎముకలోని ఖనిజాన్ని ఆమ్లంతో కరిగించి, మిగిలిన మెత్తటి పదార్థాన్ని జంతువుల కండలో పెట్టాడు. కండలో ఎముక మొలిచింది! దానికి కారణమైన ప్రొటీన్‌కు తర్వాత బీఎంపీ (బోన్ మార్ఫోజెనెటిక్ ప్రొటీన్) అని పేరు పెట్టాడు. 1981లో శాస్త్రవేత్తలు సంపత్, హరి రెడ్డి ఒక కీలక సంగతి చూపించారు: ఎముక నుంచి విడదీసిన ఈ ప్రొటీన్, మళ్లీ కొలాజెన్ పొడితో కలిస్తేనే పని చేస్తుంది. 1988లో దాని జన్యువు దొరికింది. ఇక ఎముకల నుంచి పిండుకోనక్కరలేదు, చైనీస్ హాంస్టర్ కణాల్లో తయారు చేసుకోవచ్చు.

2002లో వైద్య పరికరాల కంపెనీ మెడ్‌ట్రానిక్ తెచ్చిన ‘ఇన్‌ఫ్యూజ్’ అదే: బీఎంపీల్లో ఒకటైన బీఎంపీ-2 ద్రావణంలో నానబెట్టిన కొలాజెన్ స్పాంజి, దాన్ని పట్టి ఉంచే టైటానియం గొట్టం. ఒంట్లో మైక్రోగ్రాముల్లో ఉండే ప్రొటీన్‌ను ఇక్కడ మిల్లీగ్రాముల్లో పోస్తారు. నా దృష్టిలో తర్వాతి కథంతా ఈ మోతాదులోనే ఉంది. కడుపు వైపు నుంచి నడుము వెన్నుపూసలకు చేసే ఆపరేషన్‌కే మొదట అనుమతి వచ్చింది. సర్జన్లు మాత్రం మెడకూ వాడారు. అక్కడ వాపు వచ్చి ఊపిరి అందని రోగులున్నారని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

2011లో వెన్నెముక సర్జన్ యూజీన్ కరాగీ బృందం ఈ ప్రొటీన్‌పై వచ్చిన పాత పరిశోధన పత్రాలను తిరగదోడింది. కంపెనీ సొమ్ముతో జరిగిన 13 అధ్యయనాల్లో, ప్రొటీన్ వాడిన దాదాపు 780 మందిలో, దానివల్ల వచ్చిన ఇబ్బంది ఒక్కటీ నమోదు కాలేదు. ఆ సున్నాను చూసే అనుమానపడాల్సింది. ఏ మందుకుంటుంది అంత శుభ్రమైన చరిత్ర? అసలు ముప్పు చెప్పినదానికి 10 నుంచి 50 రెట్లు ఉండొచ్చని ఆ బృందం లెక్కకట్టింది.

కంపెనీ చివరికి తన సమాచారాన్ని యేల్ విశ్వవిద్యాలయానికి అప్పగించింది. రెండు స్వతంత్ర బృందాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించాయి. చెప్పుకోదగ్గ మేలు విషయంలో తుంటి ఎముక కంటే ఇదేమంత మెరుగు కాదు. క్యాన్సర్ ముప్పు కొద్దిగా ఎక్కువగా కనిపించింది, కానీ కేసులు మరీ తక్కువ కాబట్టి గట్టిగా తేలలేదు. ఎముక అతికిందో లేదో చెప్పడానికి రెండేళ్ల పరిశీలన సరిపోతుంది, క్యాన్సర్‌కు సరిపోదు. 40 మిల్లీగ్రాముల ప్రొటీన్‌తో అదే కంపెనీ తెచ్చిన ‘ఆంప్లిఫై’కి 2011లో ఎఫ్‌డీఏ ఆమోదం దక్కకపోవడం వెనుక ఉన్నదీ ఈ క్యాన్సర్ భయమే.