బేస్ గిటారు: లెక్క ఎంత? చేతిపని ఎంత?

ఒక సినిమా పాటను ముందు చిన్న ఫోనులో వినండి. తర్వాత అదే పాటను పెద్ద స్పీకర్లున్న హాలులో వినండి. రెండోసారి మీకు కొత్తగా ఏదో వినిపిస్తుంది. పాట అడుగున, తాళం దెబ్బకు తోడుగా, గుండెకు తగిలేటట్లు ఒక మంద్రనాదం నడుస్తూ ఉంటుంది. ఇళయరాజా స్వరపరచిన పాటలలో ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది. ఆ నాదం చాలావరకు బేస్ గిటారుది. అంత నెమ్మదైన కంపనాలను ఫోనులోని బుల్లి స్పీకరు గట్టిగా పలికించలేదు. అందుకే అక్కడ అది దాదాపు మాయమవుతుంది.

బేస్ గిటార్లు ఎక్కువగా ఫ్యాక్టరీలలో తయారవుతాయి. కాని ఒక్కొక్కదాన్నీ విడిగా, చేత్తో చేసేవారు కూడా ప్రపంచంలో చాలామంది ఉన్నారు. వాటికోసం వాద్యకారులు నెలల తరబడి ఎదురుచూస్తారు, ఎన్నో రెట్లు ఎక్కువ ధర ఇస్తారు. మరి "చేత్తో చేసినది" అన్న మాట ఒక్కటే అంత ధరకు సరిపోతుందా? అందులో లెక్క ఎంత, నేర్పు ఎంత, ఒట్టి మాట ఎంత? ఈ సంగతి తెలియాలంటే వాద్యం ఎలా పలుకుతుందో ముందు తెలుసుకోవాలి.

ఎందుకు పుట్టింది?

ఒకప్పుడు పాశ్చాత్య వాద్యబృందాలలో మంద్రస్వరాలు పలికించేది డబుల్ బేస్. అది మనిషంత ఎత్తున ఉండే వాద్యం. నిలబెట్టి వాయించాలి. ఒక ఊరినుంచి మరో ఊరికి మోసుకుపోవడం పెద్ద పని. డ్రమ్ముల పక్కన, ఎలక్ట్రిక్ గిటార్ల పక్కన దాని గొంతు వినబడేది కాదు. పైగా దానికి మెట్లు ఉండవు. వేలు కాస్త పక్కకు జరిగితే చాలు, శ్రుతి తప్పుతుంది.

అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన 1930 దశకంలోనే విద్యుత్తుతో పనిచేసే చిన్న బేస్‌ను తయారుచేశాడు. కాని అది అంతగా వ్యాపించలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ తన బేస్ గిటారును మార్కెట్‌లోకి తెచ్చాడు. ఆయన రేడియోలు మరమ్మతు చేస్తూ ఈ రంగంలోకి వచ్చినవాడు. విచిత్రమేమిటంటే, ఆయనకు గిటారు వాయించడం రాదు! తన వాద్యానికి ఆయన "ప్రెసిషన్ బేస్" అని పేరు పెట్టాడు. ప్రెసిషన్ అంటే కచ్చితత్వం. మెట్లు బిగించడంవల్ల వేలు కాస్త అటూ ఇటూ పడినా స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు చెబుతుంది.

తీగ పాటించే నియమం

ఒక తీగ సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్నది మూడు విషయాలమీద ఆధారపడుతుంది: పొడవు, బిగువు, బరువు. ఈ నియమాన్ని ఫ్రాన్స్ దేశస్థుడు మారిన్ మెర్సెన్ 1636లో ప్రకటించాడు. తీగ పొడవు రెట్టింపయితే కంపనాలు సగమవుతాయి. బిగువు నాలుగు రెట్లయితే కంపనాలు రెట్టింపవుతాయి. ఒక్కొక్క అంగుళం తీగ నాలుగు రెట్లు బరువైతే కంపనాలు సగానికి పడిపోతాయి.

మామూలు గిటారులో అన్నిటికన్నా కింది స్వరం సెకనుకు 82 కంపనాలు. బేస్ గిటారులో అది 41. అంటే సరిగ్గా ఒక స్థాయి కింద. ఫెండర్ గిటారు తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. పొడవు పెంచి మాత్రమే ఈ పని సాధించాలంటే 1296 మిల్లీమీటర్లు కావాలి. అంత దూరం చెయ్యి అందదు. అందుకని ఫెండర్ 34 అంగుళాలు, అంటే సుమారు 864 మిల్లీమీటర్లు ఎంచుకున్నాడు. ఈనాటికీ చాలా బేస్ గిటార్లకు ఇదే కొలత. మిగిలిన పని తీగ బరువు చూసుకుంటుంది. గిటారులో అతి లావు తీగ మందం 1.2 మిల్లీమీటర్లయితే, బేస్‌లో దాదాపు 2.5 మిల్లీమీటర్లు.

కాని అంత లావు ఉక్కు తీగ చువ్వలా బిరుసుగా ఉంటుంది, సరిగా పలకదు. అందుకే లోపల సన్నని ఉక్కు తీగ ఉంచి, దాని చుట్టూ మరో తీగను దగ్గర దగ్గరగా చుడతారు. బరువు పెరుగుతుంది, బిరుసు అంతగా పెరగదు. నాలుగు తీగలు వరుసగా 41, 55, 73, 98 కంపనాలకు శ్రుతి చేస్తే వాటి మొత్తం లాగుడు సుమారు 80 కిలోల బరువుకు సమానం. ఒక పెద్ద మనిషి రాత్రింబవళ్లు గిటారు మెడను పట్టుకుని వేలాడుతున్నట్లే!

మెట్ల లెక్క

మన వీణకు 24 మెట్లు ఉంటాయి. వాటిని మైనంతో చేసిన ముద్దమీద అమరుస్తారు. శ్రుతి తప్పితే మైనాన్ని వేడిచేసి, మెట్టును జరిపి, చెవితో సరిచూసుకోవచ్చు. బేస్ గిటారులో ఆ సౌకర్యం లేదు. కొయ్యలో సన్నని గాడి కోసి, లోహపు మెట్టును అందులోకి దిగగొడతారు. ఒకసారి కోసిన గాడిని జరపలేం. కాబట్టి రంపం పెట్టకముందే లెక్క సరిగా ఉండాలి.

ఈ లెక్కకు పెద్ద చరిత్రే ఉంది. మిగిలిన తీగ పొడవును 18 భాగాలు చేసి, ఒక భాగం దూరంలో తర్వాతి మెట్టు పెట్టమని విన్సెంజో గెలీలి అనే ఇటలీ సంగీతజ్ఞుడు 1581లో రాశాడు. ఈయన ఎవరో తెలుసా? ఖగోళశాస్త్రజ్ఞుడు గెలీలియో తండ్రి! 18 గుర్తుపెట్టుకోవడానికి సులభమే, కాని పూర్తిగా సరైనది కాదు. పన్నెండో మెట్టు తీగకు సరిగ్గా సగంలో ఉండాలి. 18తో లెక్కకట్టుకుంటూ పోతే 864 మిల్లీమీటర్ల తీగమీద అది సుమారు 3 మిల్లీమీటర్లు పక్కన పడుతుంది. ఇప్పుడు వాడే సంఖ్య 17.817.

మీరే లెక్క కట్టండి. 864ను 17.817తో భాగిస్తే 48.5. మొదటి మెట్టు అంత దూరంలో ఉండాలి. మిగిలిన 815.5ను మళ్లీ భాగిస్తే 45.8. అది రెండో మెట్టుకు దూరం. ఇలా పోతే మెట్ల మధ్య దూరం తగ్గుతూ, 19వ, 20వ మెట్ల మధ్య 16.2 మిల్లీమీటర్లే మిగులుతుంది.

మంచి పనివాడు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకుంటాడు. ఒక మెట్టునుంచి తర్వాతి మెట్టుకు కొలవడు. మెడ కొసన తీగలు కూర్చునే చిన్న పట్టీని నట్ అంటారు. ప్రతి మెట్టునూ ఆ నట్ దగ్గరనుంచే కొలుస్తాడు. ఎందుకంటే మెట్టుమెట్టుకూ 0.2 మిల్లీమీటర్ల తప్పు ఒకే వైపు జరిగితే, 20 మెట్లు గడిచేసరికి అది 4 మిల్లీమీటర్లవుతుంది. ఒకే చోటునుంచి కొలిస్తే తప్పు పేరుకుపోదు. మీరు ప్రయోగశాలలో కొలతలు తీసుకునేటప్పుడు కూడా ఈ సూత్రం పనికివస్తుంది.

కొయ్య ఊరుకోదు

లెక్క ఎవరైనా కట్టవచ్చు. ఈనాడు యంత్రం గాడులను మనిషికంటే కచ్చితంగా కోస్తుంది. మరి చేతిపని ఎక్కడుంది? కొయ్యలో ఉంది.

వానాకాలంలో ఇంటి తలుపు బిగుసుకుపోవడం మీరు చూసే ఉంటారు. కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. గిటారు మెడ కూడా కొయ్యే. దానిమీద 80 కిలోల లాగుడు. ఆ మెడ మెలితిరిగితే ఎంత కచ్చితమైన మెట్లయినా వృథా. అందుకే పనివాడు బాగా ఆరిన కొయ్యను ఎంచుతాడు. దాని ఈనె ఎటు పోతున్నదో చూస్తాడు. చాలామంది మెడను ఒకే ముక్కతో చేయరు. మూడు లేక ఐదు బద్దలను, ఒకదాని ఈనె మరొకదానికి ఎదురుగా ఉండేటట్లు అతికిస్తారు. ఒకటి ఒక వైపు వంగబోతే మరొకటి ఆపుతుంది. మెడ లోపల గాడిలో ఒక ఉక్కు చువ్వ కూడా ఉంటుంది. దాని మరను తిప్పితే తీగల లాగుడుకు ఎదురుబలం పుడుతుంది.

ఆ తర్వాత మెట్ల తలలన్నీ ఒకే మట్టానికి వచ్చేటట్లు ఆకురాయితో రాయాలి. ఒక్క మెట్టు ఒక మిల్లీమీటరులో పదో వంతు ఎత్తుగా ఉన్నా తీగ దానికి తగిలి జీరపోతుంది. తొందరపడితే చెడిపోయే పని ఇది. ధరలో పెద్ద భాగం ఇలాంటి ఓపికకే పోతుంది.

కొత్త ఆలోచనలను ముందుగా పరీక్షించినది కూడా ఇలాంటి చిన్న కార్ఖానాలే. కాలిఫోర్నియాలోని అలెంబిక్ సంస్థ 1972లో జాక్ కాసడీ అనే వాద్యకారుడి కోసం ప్రత్యేకంగా ఒక బేస్ తయారుచేసింది. 1975లో కార్ల్ థాంప్సన్ అనే శిల్పి, ఆంథొనీ జాక్సన్ కోరికమీద ఆరు తీగల బేస్ చేశాడు. అందులో అతి లావు తీగ సెకనుకు దాదాపు 31సార్లే కంపిస్తుంది.

తీగనుంచి విద్యుత్తు

బేస్ గిటారుకు వీణకున్నట్లు బోలు కుండ ఉండదు. ఉండేది గట్టి కొయ్య దిమ్మ. మరి శబ్దం ఎలా పెరుగుతుంది? తీగల కింద పికప్ ఉంటుంది. అందులో అయస్కాంతాలు, వాటి చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు ఉంటాయి. పైన ఉక్కు తీగ కదిలితే చుట్టలోని అయస్కాంత క్షేత్రం మారుతుంది. క్షేత్రం మారితే చుట్టలో విద్యుత్తు పుడుతుందని ఫారడే 1831లోనే కనిపెట్టాడు గదా! ఆ చిన్న విద్యుత్తును ఆంప్లిఫయరు పెంచుతుంది. ఉత్త నైలాన్ తీగ కడితే ఈ పికప్ మూగబోతుంది.

ఇంట్లోని కరెంటు తీగలు కూడా ఈ చుట్టలో "హమ్" అనే రొదను పుట్టిస్తాయి. 1957లో ఫెండర్ తన పికప్‌ను రెండు ముక్కలు చేసి, చుట్లనూ అయస్కాంత ధ్రువాలనూ ఒకదానికొకటి తిరగవేశాడు. రొదలు రెండూ ఎదురెదురై రద్దయ్యాయి. తీగల స్వరం మాత్రం నిలిచింది.

ఇక్కడ కొనేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. అమ్మేవారు "ఈ అరుదైన కొయ్య వల్లనే ఇంత మధురంగా పలుకుతుంది" అనవచ్చు. కాని పికప్ వినేది ఉక్కు తీగ కదలికను. తీగలు, పికప్ ఉన్న చోటు, వాయించే వేళ్లు స్వరాన్ని ఎంత మారుస్తాయో ఎవరైనా ఇట్టే వినగలరు. దిమ్మ కొయ్య చూపే తేడా అంత తేలికగా తెలియదు. దానిమీద వాదాలు ఇంకా సాగుతూనే ఉన్నాయి. మెడ కొయ్య గట్టిదనం మాత్రం నిజంగా అవసరమే. మనం జిట్రేగి అని పిలిచే ఇండియన్ రోజ్‌వుడ్‌ను మెట్ల పలకలకు చాలాకాలంగా వాడుతున్నారు. ఆ జాతి వృక్షాలు తరిగిపోతున్నందువల్ల 2017నుంచి వాటి అంతర్జాతీయ వ్యాపారంమీద ఆంక్షలు వచ్చాయి. తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు. అడవి తరిగేటప్పుడు, కొయ్య గురించి చెప్పే గొప్పలను పరీక్షించకుండా నమ్మడం మంచిది కాదు.

కొనేముందు ఏం చూడాలి?

మొదట, వడ్రంగి బద్దను చూసినట్లు ఒక కన్ను మూసి మెడ పొడవునా చూడండి. మెలిక ఉండకూడదు. తర్వాత ఒక తీగను మొదటి మెట్టు దగ్గర, చివరి మెట్టు దగ్గర ఒకేసారి నొక్కండి. మధ్య మెట్లకూ తీగకూ నడుమ విజిటింగ్ కార్డు దూరేటంత సందు ఉండాలి. సందు మరీ ఎక్కువైతే లోపలి చువ్వ మరను బిగించి చూడమని అడగండి. అప్పటికీ సర్దుకోకపోతే అనుమానించాలి.

ఇప్పుడు పన్నెండో మెట్టుకు సరిగ్గా పైన తీగను నొక్కకుండా వేలు ఆనించి మీటండి. తీగ రెండు సగాలుగా కంపిస్తుంది. తర్వాత అదే చోట నొక్కి మీటండి. రెండు స్వరాలూ ఒకటే కావాలి. తేడా ఉంటే బ్రిడ్జిమీది మరతో సవరించవచ్చు. మర చివరిదాకా తిప్పినా కలవకపోతే ఆ వాద్యాన్ని అక్కడే వదిలేయండి.

ప్రతి తీగమీద ప్రతి మెట్టునూ మీటి వినండి. ఎక్కడైనా స్వరం తొందరగా చచ్చిపోతున్నదా? అక్కడ మెడకు, తీగకు అనునాదం కుదిరి, తీగ శక్తిని మెడ లాగేసుకుంటున్నదన్నమాట. ఎక్కువగా ఇది సన్న తీగమీద, ఐదారు మెట్ల దగ్గర కనిపిస్తుంది. మంచి వాద్యాలలో కూడా కొంత ఉంటుంది. చివరగా పట్టీ తగిలించుకుని నిలబడి రెండు చేతులూ వదిలి చూడండి. మెడ నేలవైపు వాలిపోతే గంటసేపు వాయించేవారి భుజం ఏమవుతుందో ఆలోచించండి.

ఈ పరీక్షలకు చేతితో చేసినదా, యంత్రం చేసినదా అన్న భేదం లేదు. చవక ఫ్యాక్టరీ గిటారు నెగ్గవచ్చు, ఖరీదైన చేతిపని ఓడవచ్చు. నిజంగా నేర్పున్న పనివాడు తన వాద్యాన్ని ఇలా పరీక్షిస్తే కోపగించుకోడు, సంతోషిస్తాడు.

మీరే చేసి చూడండి

బల్లకు ఒక చివర మేకు కొట్టి, చేపల గాలానికి కట్టే గట్టి నైలాన్ దారం కట్టండి. దారం కింద రెండు చోట్ల పెన్సిళ్లు పెట్టండి. రెండో చివరను బల్ల అంచుమీదుగా కిందికి వేలాడదీసి, నీళ్లు నింపిన లీటరు సీసా కట్టండి. పెన్సిళ్ల మధ్య దారాన్ని మీటండి. ఇప్పుడు నాలుగు సీసాలు కట్టి మీటండి. స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. మళ్లీ ఒక్క సీసాయే ఉంచి, పెన్సిళ్లను సగం దూరానికి జరపండి. దాదాపు అదే స్వరం! బల్ల అంచు రాపిడి వల్ల కొంచెం తేడా రావచ్చు. సీసాల కింద కాళ్లు పెట్టకండి, దారం మీదికి ముఖం వంచకండి.

ఈసారి పాట వింటున్నప్పుడు అడుగున నడిచే ఆ మంద్రనాదాన్ని పట్టుకోండి. అది సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుండవచ్చో మీరిప్పుడు ఊహించగలరు.