మూతపడిన పెట్రోలు బంకు, పొరుగువారి బావి

బంకు మూతపడిన పిదప కూడ, భూమిలోని ట్యాంకునుండి మునుపు కారిన పెట్రోలు ఏండ్ల తరబడి మట్టిలో నిలువవచ్చును. అది నీటిపై తెట్టెగా తేలును. అందలి బెంజీను మాత్రము కొంత కరగును. రక్తపు క్యాన్సరు కలిగింపగల ఈ పదార్థము త్రాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు, అనగా గ్రాములో లక్షవ వంతు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఇంత కొలదిని ముక్కు పసికట్టలేదు.

తిరుపతి, చిత్తూరు మైదానములందు ఎక్కువగా గ్రానైటు జాతి రాయి. నీరు పైనున్న శిథిలపు పొరలోను, క్రింది రాతి పగుళ్లలోను ఉండును. కనుక బంకు ప్రక్క బావి బాగుండగా, అదే పగులు తగిలిన దూరపు బోరు చెడవచ్చును. తోడినకొలది మాలిన్యమును తనవైపు లాగును. అందుచే పరిశోధకులు చుట్టును బోర్లు వేసి, నీటిమట్టములు కొలిచి, ప్రవాహపు దిక్కు తెలిసికొందురు. మట్టము దిగినపుడు పెట్రోలు మట్టిని పట్టును, ఎక్కినపుడు మరల కదలును. వేసవి పరీక్షతో సరిపెట్టక, కార్తికపు వానల తరువాత మరల చూడవలెను.