బ్యాబోక్ కంటే ముందు చదవాల్సినవి

బిజినెస్ అనలిస్ట్ కొలువు వైపు చూసే కొత్తవాళ్లు ఏం చదవాలని అడిగితే, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలోనైనా, అమెరికాలో మనవాళ్లు వినే ఆన్‌లైన్ క్లాసుల్లోనైనా తరచూ వచ్చే జవాబు బ్యాబోక్. కెనడాలో 2003లో మొదలైన ఐఐబీఏ అనే సంస్థ ప్రచురించే గైడ్ అది. 2015లో వచ్చిన మూడో ఎడిషన్ 500 పేజీలు దాటింది. అందులో 6 విభాగాలు, వాటి కింద 30 పనులు, ఆ పనులకు పనికొచ్చే 50 పద్ధతులు ఉంటాయి. ఎవరికి తోచిన పేర్లు వాళ్లు పెట్టుకున్న ఒక వృత్తికి ఉమ్మడి పరిభాష ఇచ్చిన పుస్తకం కాబట్టి తీసిపారేయలేం. కానీ మొదటి పుస్తకంగా దాన్ని చేతికివ్వడం సరికాదని నా వాదన. ఏ పని ఎలా చేయాలో అది చెబుతుంది, చేయకపోతే ఎవరు ఎలా నష్టపోతారో చూపించదు. ఆ నష్టం తెలియకుండా 50 పేర్లు బట్టీ పట్టినవాడికి, వాటిలో ఏది ఎప్పుడు బయటికి తీయాలో తోచదు.

అందుకే ముందు ఒక విఫలమైన ప్రాజెక్టు మీద వచ్చిన విచారణ నివేదిక చదవాలి. నన్నడిగితే, లండన్ అంబులెన్స్ సర్వీస్ మీద 1993 ఫిబ్రవరిలో వెలువడినదాన్ని మించింది లేదు. దాదాపు 600 చదరపు మైళ్లు, అప్పట్లో 68 లక్షల జనం ఉన్న ప్రాంతానికి అంబులెన్సులు పంపే సంస్థ అది. అంతకుముందు ఫోన్ కాల్ వివరాలను కాగితం మీద రాసి, కన్వేయర్ బెల్టు మీద పంపితే, అనుభవమున్న సిబ్బంది ఏ బండిని పంపాలో తేల్చేవారు. ఆ నిర్ణయాన్ని కంప్యూటర్‌కు అప్పగిస్తూ 1992 అక్టోబర్ 26న కొత్త వ్యవస్థను ప్రారంభించారు. బండి ఎక్కడుందో కంప్యూటర్‌కు తప్పుగా తెలియడంతో ఒకే చోటికి రెండు బళ్లు వెళ్లాయి, కొన్ని చోట్లకు ఆలస్యంగా చేరాయి. రాలేదని జనం మళ్లీ ఫోన్లు చేశారు. హెచ్చరిక సందేశాలు తెర మీద పేరుకుపోయి అసలువి కనబడకుండా పోయాయి. మర్నాడు మధ్యాహ్నానికి సగం పాత పద్ధతికి మళ్లారు. నవంబర్ 4 తెల్లవారుజామున అదీ ఆగిపోయింది. ప్రోగ్రామర్ పొరపాటున వదిలేసిన చిన్న కోడ్ ముక్క సర్వర్ మెమరీని వాడుకుంటూ తిరిగి వదలకపోవడమే ఆ చివరి దెబ్బకు కారణం.

ఇక్కడే పుస్తకం మూసేసే పాఠకుడు తప్పంతా ప్రోగ్రామర్ మీదకు నెట్టేస్తాడు. నివేదిక మాత్రం అక్కడ ఆగలేదు. ఏ బండి ఎక్కడుంది, ఏ స్థితిలో ఉంది అనే సమాచారం దాదాపు నూటికి నూరుపాళ్లు సరిగ్గా అందితేనే పనిచేసే వ్యవస్థను కట్టారని తేల్చింది. రోడ్డు మీద సిబ్బంది బటన్లు వరసగా నొక్కకపోవచ్చు, కేటాయించిన బండి కాక వేరే బండి ఎక్కవచ్చు, రేడియో సిగ్నల్ అందని చోట్లుండవచ్చు. ఇవి ముందే తెలిసినవాళ్లు ఆ సిబ్బందే. వ్యవస్థ ఏమేం చేయాలో చెప్పే రిక్వైర్‌మెంట్స్ పత్రం తయారీలో వాళ్ల భాగస్వామ్యం మాత్రం చాలా తక్కువ. విచిత్రమేమంటే, ఆ పత్రం ఎంతో వివరంగా, కచ్చితంగా ఉందని అదే నివేదిక ఒప్పుకుంది. ఫార్మాట్ బాగుంది, అడగాల్సినవాళ్లను అడగలేదు. కొత్త అనలిస్టుకు ఇంతకంటే విలువైన పాఠం ఏ టెంప్లేటులోనూ దొరకదు.

దీని తర్వాత డొనాల్డ్ గాస్, జెరాల్డ్ వైన్‌బర్గ్ 1982లో రాసిన సన్నటి పుస్తకం ‘ఆర్ యువర్ లైట్స్ ఆన్?’ అందుకోవచ్చు. కంప్యూటర్ తెలియనివారూ హాయిగా చదవొచ్చు. సొరంగం ముందు లైట్లు వేసుకోమని బోర్డు పెడితే, దాటాక సుందర దృశ్యం చూడ్డానికి ఆగినవాళ్లు లైట్లు ఆర్పడం మరిచిపోయి బ్యాటరీలు ఖాళీ చేసుకునే ఉదంతం అందులో ఉంది. ఒకరి సమస్యకు పరిష్కారం ఇంకొకరికి సమస్య అవుతుందని, అసలు ఈ సమస్య ఎవరిదని ముందు తేల్చుకోవాలని నవ్విస్తూనే నేర్పుతారు. ఆ తర్వాతే కార్ల్ వీగర్స్, జాయ్ బీటీల ‘సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్స్’ మూడో ఎడిషన్, పనిని చిన్న విడతలుగా చేసే అజైల్ టీముల్లో ఉన్నవాళ్లకు మైక్ కోన్ ‘యూజర్ స్టోరీస్ అప్లైడ్’. ఉద్యోగంలో చేరాక బ్యాబోక్‌ను బల్ల మీద ఉంచుకుని అవసరమైన పేజీ తీయడమే దానికి తగిన వాడకం.

ఇంటర్వ్యూలో అడిగేది పరిభాషే కదా అంటారు. నిజమే, ఉద్యోగం వెతుక్కునేవాడికి అది చిన్న సంగతి కాదు. ఆ పదాలు నేర్చుకోవద్దని నేననడం లేదు, వరస మార్చమంటున్నాను. స్టేక్‌హోల్డర్ అనాలిసిస్ (ప్రాజెక్టు ఎవరెవరి మీద ప్రభావం చూపుతుందో గుర్తించడం) అంటే ఏమిటని అడిగితే నిర్వచనం అప్పజెప్పే అభ్యర్థి కంటే, లండన్‌లో ఆ విశ్లేషణ ఎక్కడ తప్పిందో చెప్పగలిగినవాడు గట్టిగా నిలబడతాడు. పాత పుస్తకాలు ఈ కాలానికి ఎందుకనేది రెండో అభ్యంతరం. పరికరాల గురించైతే ఒప్పుకుంటాను, 1992 నాటి సర్వర్ ఇప్పుడెవరికీ అక్కర్లేదు. కానీ పని చేసేవాణ్ని అడగకుండా అతని పనిని మార్చే అలవాటు ఏ ఏడాదితోనూ ఆగిపోలేదు. ఇప్పుడు ఏఐ నిమిషంలో యూజర్ స్టోరీలు (వాడేవాళ్ల అవసరాన్ని క్లుప్తంగా చెప్పే రాతలు) రాసి ఇస్తోంది కాబట్టి చదువే అనవసరం అనేవాళ్లూ ఉన్నారు. చక్కటి పత్రమే సరిపోయేదైతే లండన్‌లో ఆ వైఫల్యం జరిగేదే కాదు.

ఇంకో రకం చదువును మన శిక్షణలు పెద్దగా పట్టించుకోవు. అది ఆ వ్యాపారానికి సంబంధించిన మూలపత్రాలు. అమెరికా ఆరోగ్య బీమా ప్రాజెక్టుల్లో చేరేవాళ్లు 837 అంటే ఆసుపత్రి పంపే క్లెయిమ్, 835 అంటే బీమా సంస్థ ఇచ్చే చెల్లింపు వివరం అని నేర్చుకుంటారు. కానీ వాళ్లు ఒక్క బీమా పాలసీనైనా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారా? బ్యాంకింగ్ వైపు వెళ్లేవాళ్లకు రిజర్వ్ బ్యాంక్ మాస్టర్ డైరెక్షన్లు దాని వెబ్‌సైట్లోనే ఉచితంగా ఉన్నాయి. అవి చప్పగా ఉంటాయి, అయినా క్లయింటు రోజూ తలపట్టుకునేది వాటితోనే. సర్టిఫికేషన్ ఫీజు కట్టే ముందు మీరు పనిచేయబోయే రంగంలోంచి అలాంటి పత్రం ఒకటి, దాంతోపాటు లండన్ నివేదిక చదవండి. ఈ రెండూ విసుగనిపిస్తే ఈ ఉద్యోగం మీకు సరిపడుతుందా అని అప్పుడే ఆలోచించుకోవచ్చు.