పెట్టె కొద్దీ కార్డు!

ఆఫీసులో పాతబడిన కంప్యూటర్ ఇంట్లో గేమింగ్ యంత్రంగా మారుతుందా? నిక్షేపంగా మారుతుంది. కాకపోతే కార్డు కొనేముందు ఓసారి పెట్టె మూత తీసి చూడాలి.

'గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి కొనిపెట్టు నాన్నా... చాలు!'

సెలవులొచ్చాయంటే చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. పిల్లలు అడిగేది ఒక్క కార్డే. తీరా కొన్నాక తెలుస్తుంది... అది పెట్టెలో పట్టదు, పట్టినా దానికి సరిపడా కరెంటు అందదు, అందినా ఆట వేగం పెరగదు! 15, 20 వేల రూపాయలు పెట్టే మధ్యతరగతి ఇంటికి అది చిన్న దెబ్బ కాదు.

ఖాజాగూడ, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ... ఎటు చూసినా ఐటీ కంపెనీలే. ఇలాంటి కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసిన డెస్క్‌టాప్‌లు శుభ్రమై, 'రీఫర్బిష్డ్' పేరుతో మళ్లీ అమ్మకానికి వస్తుంటాయి. డెల్ ఆప్టిప్లెక్స్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివన్నమాట. చవకగా వస్తాయి, గట్టిగా పనిచేస్తాయి. చదువుకోసమని ఇంటికొచ్చిన ఆ పెట్టెలోనే ఆటలూ ఆడాలన్నది పిల్లల కోరిక. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఏమిటీ కార్డు?

తెరమీది బొమ్మ లక్షల చుక్కల ముగ్గు. ఫుల్ హెచ్‌డీ తెరలో దాదాపు 20 లక్షల 73 వేల చుక్కలుంటాయి. సెకనుకు 60 బొమ్మలు మారాలంటే 12 కోట్లకు పైగా చుక్కలకు రంగులు లెక్కగట్టాలి. ఆ పనికే ప్రత్యేకంగా పుట్టింది గ్రాఫిక్స్ చిప్. 1999లో 'జీఫోర్స్ 256'ను విడుదల చేసినప్పుడు ఎన్విడియా దాన్ని ప్రపంచంలోనే మొదటి జీపీయూగా ప్రచారం చేసింది. ఇప్పుడు ఈ రంగంలో పేరున్న ఎన్విడియా, ఏఎండీ... రెండింటికీ మన హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి.

ముందు ఈ పరీక్ష

కొత్త కార్డు అవసరమా లేదా అన్నది పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. ఆటలోని సెట్టింగుల్లో రిజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. వేగం గణనీయంగా పెరిగితే భారం గ్రాఫిక్స్ మీద ఉన్నట్లు. అప్పుడు కార్డు కొంటే ఫలితం కనిపిస్తుంది. ఎంత తగ్గించినా నత్తనడకేనా? అయితే లోపం ప్రాసెసర్‌లోనో, ర్యామ్‌లోనో ఉన్నట్లు. 8 జీబీ ర్యామ్ ఒకే ముక్కగా ఉన్న ఆఫీసు కంప్యూటర్లో అలాంటిదే మరో ముక్క చేర్చినా తేడా తెలుస్తుంది. అయితే 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు బాగా పెరిగాయి. ధర విచారించుకుని దిగడం మంచిది.

మానిటర్‌నీ మర్చిపోవద్దు. 60 హెర్ట్జ్ తెర సెకనుకు చూపించేది 60 బొమ్మలే. 150 బొమ్మలు గీసే కార్డు తెచ్చినా మిగతావి చాలావరకు వృథాయే.

అసలు గండం కరెంటు

కార్డు కూర్చునే స్లాట్ నుంచి వచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. అంతకు మించి కావాలంటే పవర్ సప్లై నుంచి విడిగా తీగ రావాలి. 6 పిన్నుల తీగతో మరో 75, 8 పిన్నుల తీగతో 150 వాట్లు అందుతాయి. చిన్న ఆఫీసు పెట్టెల్లో ఉండే సప్లై చాలావాటిలో 180 నుంచి 260 వాట్లే. పైగా దాని ఆకారమే వేరు. బజార్లో దొరికే మామూలు సప్లై అందులో పట్టదు.

'ఏం ఫర్వాలేదు, కన్వర్టర్ తీగ ఉంది' అనేవాళ్లుంటారు. హార్డ్‌డిస్కుకు వెళ్లే సన్నటి సాటా తీగ నుంచి కార్డుకు కరెంటు లాగితే ప్లగ్గు వేడెక్కి కరిగిపోయే ప్రమాదముంది. పిల్లలు గంటల తరబడి కూర్చునే చోట అలాంటి సాహసాలొద్దు!

ఏ పెట్టెకు ఏది?

చిన్న పెట్టె అయితే సగం ఎత్తుండే 'లో ప్రొఫైల్' కార్డే పడుతుంది. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650, 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ... రెండింట్లోనూ ఆ సైజువి, విడిగా తీగ అక్కర్లేనివి ఉన్నాయి. రెండో దానికి 70 వాట్లు చాలు.

పెద్ద క్యాబినెట్, మంచి సప్లై ఉంటే 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600 లాంటివి చూడొచ్చు. 8 జీబీ మెమరీ, 132 వాట్ల వాడకం. ఫుల్ హెచ్‌డీ ఆటలకు సరిపోతుంది. ఆర్‌ఎక్స్ 6400 చిన్నదే కానీ పాత మదర్‌బోర్డుల్లో కొంత వేగం కోల్పోతుంది. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ బీ580 శక్తిమంతమైనదే... కానీ పాత ప్రాసెసర్లతో దానికి పొత్తు కుదరదు.

సెకండ్ హ్యాండ్ కొంటున్నారా?

రాయదుర్గంలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గరే. అదేనండీ, మన సీటీసీ! పాత కార్డు ఎక్కడ కొన్నా ఒక చరిత్ర గుర్తుంచుకోవాలి. క్రిప్టో నాణేల మైనింగ్ కోసం రాత్రింబవళ్లు పనిచేసిన కార్డులెన్నో ఉన్నాయి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం విధానం మారి ఆ గిరాకీ పడిపోయాక అవి పాత సామాన్ల బజారుకొచ్చాయి. అవన్నీ చెడ్డవని కాదు. ఫ్యాన్లు అరిగి ఉండొచ్చు, వేడిని లాగే పేస్టు ఎండిపోయి ఉండొచ్చు.

అందుకే డబ్బు చేతికిచ్చేముందు కనీసం అరగంట ఆట నడిపించి చూడండి. తెరమీద గీతలు, చుక్కలు, ఫ్యాన్ గరగర ఉంటే వదిలేయండి. బిల్లు, వారంటీ మిగిలి ఉన్నవే మేలు. మరీ పాతవి వద్దు. జీటీఎక్స్ 750, 1050, 1060 తరాలకు కొత్త ఆటల కోసం డ్రైవర్లు ఇవ్వడం ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది.

దుమ్ము, ఎండ

కొత్త భవనాలు లేస్తున్న పేటల్లో దుమ్ముకు కొదవేముంది? అది క్యాబినెట్‌లో పేరుకుంటే, పైన మే నెల ఎండ తోడైతే, ఎంత మంచి కార్డైనా వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మూడు నెలలకోసారి దులిపించండి. పెట్టెను గోడకు ఆనించి పెట్టొద్దు.

కరెంటు బిల్లు సంగతంటారా? ఆడేటప్పుడు మొత్తం 200 వాట్లు లాగుతుందనుకుంటే రోజుకు మూడు గంటల చొప్పున నెలకు 18 యూనిట్లు. బయటికెళ్లేముందు ఇంట్లో పెట్టె మూత తీసి మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి... సప్లై మీదున్న వాట్లు, స్లాట్ చుట్టూ ఉన్న జాగా, ప్రాసెసర్ పేరు. ఆ చీటీ జేబులో ఉంటే దుకాణంలో బేరం మీ చేతుల్లోనే ఉంటుంది!